దవడ చెప్పని వయసు

కోల్డ్ స్టోరేజీలో ఆ అన్నదమ్ముల్ని కవలలని పిలిచేవాళ్ళు. వెటకారానికే. పెద్దోడి తల ముగ్గుబుట్ట. మెడ ముందుకు వంగిపోయింది. కూర్చుంటే మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేవాలి. చిన్నోడికి ఇంకా మీసం నల్లగానే ఉంది, రంగు వెయ్యకుండానే. ఇద్దరూ ఒకే రోజు పుట్టారని కంపెనీ కాగితాల్లో రాసి ఉంది. ఆ లెక్కన ఇద్దరికీ యాభై అయిదు. నిజానికి పెద్దోడికి అరవై రెండు.

అక్కడ అరవై నిండితే పని నుంచి దింపుతారు. అలా దిగినవాడికి బతికినంతకాలం పింఛను. ముందే మానేస్తే చేతిలో ఏమీ పెట్టరు. దిగిపోయి చేతులు కాచుకుంటూ కూర్చోవాల్సిన మనిషి ఇంకో అయిదేళ్ళు బస్తాలు మొయ్యాలి. ఆ అయిదేళ్ళు తను మొయ్యలేడని పెద్దోడికి తెలుసు. పొద్దున వేళ్ళు ముడుచుకుంటే మధ్యాహ్నానికి గానీ విచ్చుకోవడం లేదు.

పని చూడబోతే పెద్ద విద్యేమీ కాదు. కిటికీలు లేని గది. గోడలు జానెడు మందం. లోపల ఆలుగడ్డ బస్తాలు కప్పుదాకా దొంతరలుగా పేర్చి ఉంటాయి. అడుగున ఉన్నవి కుళ్ళకుండా సీజనంతా వాటిని తిరగేస్తుండాలి, కిందివి పైకీ పైవి కిందికీ. ఒక్కడు ఎత్తే బరువు కాదు. అందుకని మనుషుల్ని జతలుగా పనిలో పెట్టుకుంటారు, ఎడ్లని చూసినట్టు ఎత్తు చూసి. చెరోవైపు బస్తా చెవులు పట్టుకుని, ఊపి, పైకి విసరాలి. ఒకడు తడబడితే రెండోవాడి నడుం పోతుంది. పెద్దోడూ చిన్నోడూ చేరిన రోజు నుంచీ ఒక జత.

తలుపు బయట గొళ్ళెం అనే మనిషి ఉంటాడు. అతని అసలు పేరు జీతాలిచ్చే గుమస్తాకైనా గుర్తుందో లేదో. చలి బయటికి పోకూడదు కాబట్టి, జతలు లోపలికి వెళ్ళగానే తలుపు మూసి గొళ్ళెం వెయ్యడం అతని పని. దొంతర పూర్తయితేనే తీస్తాడు.

పెద్దోడి భార్య పోయిన రోజున కూడా దొంతర పూర్తయ్యాకే తీశాడు. కబురు తలుపుదాకా వచ్చింది. వరస మధ్యలో తలుపు తీస్తే సరుకు చెమ్మెక్కుతుందని మేనేజరు ఆగమన్నాడు. గొళ్ళెం ఆగాడు. బయటికొచ్చాక చెప్పారు. పెద్దోడు ఇంటికి వెళ్ళేసరికి ఆమెని పడుకోబెట్టి దుప్పటి కప్పేశారు. అప్పటి నుంచీ ఆ తలుపు మూసుకుంటే అతనికి ఊపిరి సగమే ఆడుతుంది. ఎవరితోనూ అనలేదు. అంటే నవ్వుతారు.

వయసు తప్పు పడడం కూడా ఒక కథే. ఆ పని చేసింది తండ్రీ, బడి పంతులూ కలిసి. చిన్నోడిని బడిలో వెయ్యబోతే వాడు గుమ్మం పట్టుకుని వదల్లేదు. ఒక్కణ్ణీ వెళ్ళనని ఏడుపు. పెద్దోడు అప్పటికే ఇటుకల బట్టీలో పచ్చి ఇటుకలు మోస్తున్నాడు. "నాలుగు రోజులు తమ్ముడికి తోడు కూర్చోరా, వాడికి అలవాటయ్యాక నీ పని నువ్వు చూసుకుందువు," అన్నాడు తండ్రి. పేరు రాయని పిల్లాణ్ణి కూర్చోబెట్టడానికి వీల్లేదన్నాడు పంతులు. రాద్దామంటే ఒకటో తరగతిలో అంత పెద్దవాణ్ణి చేర్చుకోరు. చివరికి పంతులే ఉపాయం చెప్పాడు.

"ఇద్దరికీ ఒకటే పుట్టినరోజు వేసేస్తాను. కవలలు. అదేంటని ఎవరన్నా అడిగితే పెద్దాడికి పాలెక్కువ పట్టాయని చెప్పు."

తండ్రి పడీ పడీ నవ్వాడు. వేలిముద్ర వేశాడు. నాలుగు రోజులన్నది బడి అయిపోయేదాకా సాగింది. చిన్నోడు ఒక తరగతి తప్పితే, పాసయిన పెద్దోణ్ణి కూడా అదే తరగతిలో మళ్ళీ కూర్చోబెట్టారు. తోడు కదా మరి. మూతి మీద నూగు వచ్చిన వాడు, ముక్కు చీమిడి పిల్లల మధ్య బల్ల మీద మోకాళ్ళు పట్టక పక్కకి తిరిగి కూర్చునేవాడు. ఆ బడి ఇచ్చిన కాగితాలతోనే ఇద్దరూ కోల్డ్ స్టోరేజీలో చేరారు. తల్లీతండ్రీ పోయారు. పంతులూ పోయాడు. నిజం తెలిసిన మనిషి ఇప్పుడు చిన్నోడొక్కడే.

మేనేజరు చుట్టూ పెద్దోడు చెప్పులు అరిగేలా తిరిగాడు.

"నా వయసు తప్పు పడింది సార్."

"ఇన్నేళ్ళుగా పడి ఉన్నదాన్ని ఇప్పుడు లేపడం దేనికి?"

"నేను వాడికంటే ఏడేళ్ళు పెద్ద."

"కవలల్లో ఏడేళ్ళ తేడానా. పాపం మీ అమ్మకెంత ఓపికయ్యా."

గుమస్తాలు కిసుక్కుమన్నారు. పెద్దోడు నవ్వలేదు, కదల్లేదు. మేనేజరుకి ఆ నిలబడ్డం విసుగనిపించింది. ఇలాంటి తగాదాలకి పైవాళ్ళు ఒక పద్ధతి పెట్టారని, పళ్ళ ఆస్పత్రిలో దవడకి ఎక్స్‌రే తీసి వయసు అంచనా వేస్తారని, డాక్టరు రాసిస్తే తను పైకి పంపుతానని చెప్పాడు. "అన్నదమ్ముల సాక్ష్యాలు మాత్రం నా దగ్గరికి తేకు. అవి చెల్లవు," అన్నాడు.

భార్య పోయాక పెద్దోడు తమ్ముడి ఇంట్లోనే, వీధివైపు గదిలో ఉంటున్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర సంగతి చెప్పాడు. చిన్నోడు తల ఎత్తలేదు. మాట్లాడింది మరదలే. ఆ ఇంట్లో మాట్లాడేది ఆవిడే.

"మీరు దిగిపోతే ఈయన్ని ఎవరి పక్కన పెడతారు బావగారూ? ఆ ఎద్దు పక్కనా?"

ఎద్దు అంటే లోపల పనిచేసే ఒక భారీ మనిషి. అతని ఊపుకి ఆగలేక ఇద్దరు జతగాళ్ళు నడుములు పోగొట్టుకుని మంచాన పడ్డారు.

"నీ మొగుడికి నడుం ఉంది గదమ్మా."

"ఉంది. మీ నడుం చాటున ఉంది."

"ఎన్నాళ్ళు చాటు చెయ్యమంటావ్?"

"నేను చెయ్యమన్నానా. మీ నాన్న చెయ్యమన్నాడు. వెళ్ళి ఆయన్నడగండి."

చిన్నోడు మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు. "వెళ్ళనీలే," అన్నాడు భార్యతో. అన్నగారి వైపు మాత్రం చూడలేదు. పెద్దోడు ఆ ఒక్క మాటే పట్టుకున్నాడు, చూపు సంగతి వదిలేశాడు. ఆశపడ్డవాడు అలాగే చేస్తాడు.

మర్నాడు తలుపు దగ్గర గొళ్ళెంతో ఈ మాట అన్నాడు. అనకుండా ఉంటే బాగుండేది.

"పళ్ళు చూసి చెప్తారా," అన్నాడు గొళ్ళెం. "ఏదీ, నోరు తెరువు."

పెద్దోడు తెరిచాడు. చలిలో ఆవిరి వచ్చింది. పలువరస ఎక్కడా సందు లేకుండా, పాచి పట్టినా చెక్కు చెదరకుండా ఉంది. వయసులో ఉన్నప్పుడు పందెం కాసి ఆ పళ్ళతో బస్తా మూతి పట్టుకుని లేపేవాడు. కుట్టిన పురికొస ఇప్పటికీ కత్తి లేకుండానే కొరికేస్తాడు.

"కొంప మునిగింది. ఇవి పట్టుకెళ్ళావంటే నీకు నలభై అని రాస్తారు. కంపెనీవాడు ఇంకో ఇరవయ్యేళ్ళు వాడుకుంటాడు నిన్ను."

"నలభై ఎలా రాస్తారు?"

"మరి ఎలా రాస్తారనుకున్నావ్? ఎడ్ల సంతలో పళ్ళు చూడరూ? అంతే. ముసలోడంటే ఇలా ఉండాలి." గొళ్ళెం తన నోరు తెరిచి చూపించాడు. పొగాకుకి ముందు పళ్ళన్నీ ఎప్పుడో ఊడిపోయాయి. అతనికి యాభై కూడా లేవు. "నన్ను పంపితే ఈ నిమిషంలో పింఛనిస్తారు."

గొళ్ళెం సరదాకే అన్నాడేమో. పెద్దోడికి సరదా అంటే ఏమిటో మర్చిపోయి చాలా కాలమైంది.

బజారు చివర సందులో ఒకాయన పళ్ళు పీకుతాడు. ఒకటే గది. మంగలి షాపులో పాతబడ్డ కుర్చీ, కిటికీ పక్కన ఒక లైటు, కింద ప్లాస్టిక్ బకెట్టు. పెద్దోడు వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

"ఏ పన్ను నొప్పి?"

"నొప్పేం లేదు."

"మరి?"

"నవ్వితే కనిపించేవన్నీ తీసెయ్యి."

పళ్ళాయన అతని మొహం చూశాడు. "నువ్వు నవ్వే రకంలా లేవే."

"తీస్తావా, ఇంకో చోటికి పోనా?"

వేలితో ఒక్కో పన్నూ కదిపి చూశాడు. ఒక్కటీ కదల్లేదు. "రాయిలా ఉన్నాయి పెద్దాయనా. ఇవి నీతో పాటు కాటికి రావాల్సినవి. బుద్ధి గడ్డితిని వచ్చావు గానీ, ఇంటికెళ్ళు."

పెద్దోడు కుర్చీలోంచి లేవలేదు. పళ్ళాయన కాసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి సూది నింపాడు. ఆ పళ్ళు తేలిగ్గా రాలేదు. ఒక మోకాలు కుర్చీ మీద పెట్టి లాగాడు. కోరపళ్ళ దగ్గర ఇద్దరికీ చెమటలు పట్టాయి. పైవరస ఒక విడత, కిందివరస ఇంకో విడత. రెండోసారి ఇంటికి వెళ్ళేటప్పుడు గుడ్డ నోట్లో కుక్కుకుని గోడ పట్టుకుని నడిచాడు. ఇవన్నీ అతను పంటి బిగువునే భరించాడు, పళ్ళు ఉన్నంతవరకూ.

మరదలు చూసి ముందు ఫక్కున నవ్వింది. తర్వాత చేత్తో నోరు మూసుకుంది. చిన్నోడు మాత్రం గుమ్మంలో నిలబడిపోయాడు.

"ఎంత పని చేశావన్నా."

పెద్దోడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. జావ తాగి బతికాడు. పనికి మాత్రం రోజూ వెళ్ళాడు. మాట పిండిలా రాలిపోయేది. మొహం దిగజారింది, బుగ్గలు లోపలికి పోయాయి. గోడకున్న అద్దంలో చూసుకుని, ఇప్పుడు ఎవరైనా ఒప్పుకుంటారు అనుకున్నాడు. చిగుళ్ళు ఆరిన తర్వాత ఆస్పత్రికి వెళ్ళాడు.

ఎక్స్‌రే గది చిన్నది. తలుపు మందంగా ఉంది, సీసం రేకు వేశారట. పెద్దోడికి అక్కడే ఊపిరి బిగిసింది. ఎక్స్‌రే తీసే అమ్మాయి అతని గడ్డాన్ని ఒక దిమ్మ మీద ఆనించింది. ముందు పళ్ళతో పుల్లని కొరికి పట్టుకోమంది. పళ్ళు లేవని చూసి, దూది చుట్ట చిగుళ్ళ మధ్య పెట్టింది. కణతలకి రెండు వైపులా కడ్డీలు బిగించింది.

"కదలకండి తాతగారూ. మిషను మీ తల చుట్టూ తిరిగొస్తుంది. గుటక కూడా మింగొద్దు."

ఆ అమ్మాయి బయటికి వెళ్ళి తలుపు వేసింది. మిషను మూలుగుతూ కదిలింది. పెద్దోడు కళ్ళు మూసుకుని, భార్య మొహం గుర్తు తెచ్చుకోబోయి, దుప్పటి గుర్తొచ్చి మళ్ళీ తెరిచాడు. కదల్లేదు. కదలకుండా ఉండడం అతనికి తెలిసిన పనే.

డాక్టరమ్మ నడివయసు మనిషి. టీవీ లాంటి తెర మీద అతని దవడ చూపించింది. ఈ చెవి నుంచి ఆ చెవిదాకా విప్పి పరిచినట్టుంది. ఆవిడ చాలాసేపు చూసింది.

"ఈ ముందు పళ్ళు ఎప్పుడు పోయాయి?"

"ఎప్పుడో. ముసలితనం కదమ్మా."

"ఎప్పుడో కాదు. మొన్న మొన్న." పెన్ను కొసతో తెర మీద చూపించింది. "ఇవిగో, పళ్ళు నాటుకున్న గుంతలు. ఇంకా ఎముకతో పూడలేదు. ఎప్పుడో పోయినవైతే ఇక్కడ దవడ కుంగిపోయి, సన్నగా గట్టులా మిగిలేది. మీ ఎముక గోడలా నిలబడే ఉంది. ఎందుకు పీకించుకున్నారు?"

పెద్దోడు చెప్పాడు. దాచడానికి ఇంకేం మిగల్లేదు. ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"పళ్ళు ఉన్నాయా లేవా అని చూసి వయసు చెప్పమండీ. పళ్ళ లోపల చూస్తాం." ఇంకెవరిదో ఎక్స్‌రే తెర మీదికి తెచ్చింది. పన్ను మధ్యలో సన్నటి నల్లటి గీత. "ఇది పంటి లోపల నరం ఉండే గది. కుర్రతనంలో విశాలంగా ఉంటుంది. వయసు పెరిగే కొద్దీ పన్ను తన లోపలే గోడ కట్టుకుంటూ వస్తుంది. గది ఇరుకవుతుంది. ఎంత ఇరుకైందో కొలిచి, మనిషికి సుమారుగా ఇంత వయసు ఉండొచ్చని అంచనా వేస్తాం."

పెద్దోడు ఆ నల్లగీతనే చూస్తున్నాడు. "ఆఖరికేమవుతుంది?"

"కొంతమందికి దాదాపు మూసుకుపోతుంది. అందుకే పెద్దవయసులో చల్లనివి తాగినా పళ్ళు అంతగా జివ్వుమనవు. మీకు జివ్వుమనేవా?"

"పనిలో చేరిన కొత్తలో. ఊపిరి పీలిస్తే చాలు. ఈమధ్య లేదు."

"చూశారా."

"మరి ఆ నరానికి బయటికి దారుండదా?"

"వేరు కొసన ఉంటుంది. అదీ సన్నబడుతుంది." ఆవిడ మళ్ళీ అతని దవడ తెర మీదికి తెచ్చింది. "కొలవడానికి వీలైనవి ఒకే వేరున్న పళ్ళు. ముందువి, కోరపళ్ళు, వాటి పక్కవి. సరిగ్గా అవే తీసేయించారు. మిగిలిన దవడపళ్ళకి రెండేసి మూడేసి వేళ్ళు, పైగా అరిగి బల్లపరుపుగా ఉన్నాయి. వీటిని చూసి నేను గట్టిగా ఏం రాయలేను. మీ వయసు చెప్పేవి ఆ పళ్ళేనండీ."

"పళ్ళాయన దగ్గరికెళ్ళి తెస్తాను."

"తెచ్చినా అవి మీవేనని ఎవరు చెప్తారు?"

పెద్దోడు నోరు మూసుకున్నాడు. పెదాలు లోపలికి పోయాయి. డాక్టరమ్మకి జాలేసిందో ఏమో, లేవబోయినదల్లా ఆగింది.

"మీకు తమ్ముడున్నాడన్నారు. ఆయన ముందు పళ్ళు ఉన్నాయా?"

"అన్నీ ఉన్నాయి."

"ఆయన్ని తీసుకురండి. ఆయన పళ్ళ లోపల కొలుస్తాను. ఆయన యాభై అయిదుకి దగ్గరగా వచ్చి, ఆయన దవడపళ్ళకీ మీ దవడపళ్ళకీ తేడా కనిపిస్తే, మీరు కవలలు కారనిపిస్తోందని రాయొచ్చు. ఏడేళ్ళ తేడా అంటే కనపడొచ్చు, కనపడకపోవచ్చు. మాటివ్వను. మీకు మిగిలిన దారి ఇదొక్కటే."

పెద్దోడు పుట్టాక తమ్ముణ్ణి ఏదీ అడిగి ఎరగడు. అడిగే అవసరం రాలేదు, ఇచ్చేవాడు తనే కాబట్టి. ఆ సాయంత్రం పెరట్లో నూలు కండువా ఆరేస్తున్న తమ్ముడి దగ్గరికి వెళ్ళి అడిగాడు. పళ్ళు లేని నోటితో అడిగితే ఏ మాటైనా అడుక్కున్నట్టే ఉంటుంది.

"ఒక్కసారి రారా. గడ్డం ఆనించి నిలబడ్డమే. నొప్పుండదు."

చిన్నోడు కండువా ముడతలు సర్దుతూనే ఉన్నాడు. ఎంతకీ అవి పోలేదు.

"వస్తాలే అన్నా," అన్నాడు.

వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, పెళ్ళిచూపులకి వెళ్ళినట్టు వచ్చాడు. మరదలు గుమ్మం దాకా వచ్చి నిలబడింది గానీ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం చూసైనా పెద్దోడికి తెలియాల్సింది.

ఎక్స్‌రే గదికి తలుపులో చిన్న అద్దం ఉంది. పెద్దోడు బయట, ఆ అమ్మాయి పక్కన నిలబడ్డాడు. చిన్నోడు గడ్డం దిమ్మ మీద ఆనించి, పుల్ల కొరికి పట్టుకుని, మిషన్ని కావలించుకున్నట్టు నిలబడ్డాడు. మిషను ఒక చుట్టు తిరిగి ఆగింది. తెర మీద బొమ్మ వచ్చింది. పళ్ళన్నీ ఒకదాని మీదికి ఒకటి పాకి, తడిసిన కాగితం మీద సిరాలా అలుక్కుపోయాయి.

"కదిలారండీ," అని ఆ అమ్మాయి లోపలికెళ్ళి చెప్పింది. "ఊపిరి మెల్లగా తీసుకోండి. తల మాత్రం తిప్పకండి. ఈసారి కుదరకపోతే ఇవాళ్టికి ఇంక తియ్యకూడదు."

కడ్డీలు మళ్ళీ బిగించి వచ్చింది. పెద్దోడు ఈసారి తెరని చూడలేదు. అద్దంలోంచి తమ్ముణ్ణే చూశాడు. మిషను మూలిగింది. ఎడమ చెవి దగ్గర మొదలై మెడ వెనక్కి వెళ్ళింది. చిన్నోడి కళ్ళు పక్కకి తిరిగి అద్దం మీద పడ్డాయి. అన్న కళ్ళు కనపడ్డాయి. రెప్ప వెయ్యలేదు. చూస్తూ చూస్తూనే గడ్డాన్ని మెల్లగా భుజంవైపు తిప్పాడు. మళ్ళీ యథాస్థానానికి తెచ్చుకున్నాడు.

తెర మీద బొమ్మ మళ్ళీ అలుక్కుపోయింది.

వరండాలో బల్ల మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఎవరో పిల్ల ఏడుస్తోంది, సూదికి భయపడి.

"కావాలనే కదిలావా?" అన్నాడు పెద్దోడు.

చిన్నోడు చెప్పుల వైపు చూశాడు.

"నిన్నే."

"మిషను తల చుట్టూ తిరుగుతుంటే భయమేసింది."

"భయమేసినవాడు కళ్ళు మూసుకుంటాడు. నువ్వు నన్ను చూశావు."

అప్పుడు చిన్నోడు చెప్పేశాడు. గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది. "నువ్వు దిగిపోతే నన్ను ఆ ఎద్దుకి కట్టేస్తారన్నా. నాకు తెలుసు. నేను మంచాన పడితే మా ఇద్దర్నీ ఎవరు చూస్తారు? అయిదేళ్ళు. అయిదేళ్ళే కదా. ఇద్దరం కలిసి దిగిపోదాం."

"నేను అయిదేళ్ళు ఉంటానా?"

"ఉంటావన్నా. నీకేం, రాయిలాంటి మనిషివి."

పెద్దోడు తమ్ముడి మొహంలోకి చూశాడు. అందులో దొంగతనం లేదు. అబద్ధం కూడా లేదు. వాడు నిజంగానే అలా అనుకుంటున్నాడు. దాన్ని క్షమించడం ఎవరి వల్లా కాదు.

"మళ్ళీ వస్తావా ఇంకో రోజు? కదలకుండా నిలబడతావా?"

"రానన్నా," అన్నాడు చిన్నోడు. ఏడుస్తున్నాడు. "తిట్టు. కొట్టు. రాను."

పెద్దోడు తిట్టలేదు, కొట్టలేదు. లేచి ఒక్కడే నడుచుకుంటూ ఇంటికెళ్ళాడు.

డాక్టరమ్మ ఉన్నది ఉన్నట్టు రాసింది. మేనేజరు అది చదివి, కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకున్నాడు.

"వయసు నిర్ధారించలేమని రాశారు. అంతవరకు బాగానే ఉంది. ముందు పళ్ళు ఈమధ్యే పీకించుకున్నట్టుందని కూడా రాశారు. ఏంటిది?"

"గడ్డితిన్నాను సార్."

"దీన్ని పైకి పంపితే నువ్వు పరీక్షని తప్పుదోవ పట్టించావంటారు. ఉద్యోగం పోతుంది. దాంతోపాటు పింఛనూ పోతుంది. పంపమంటావా?"

"వద్దు."

"తెలివిగలవాడివి. పో, పని చూసుకో."

పెద్దోడు పోలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. "జత మార్చండి."

"ఏమన్నావ్? నోట్లో మాట అర్థం కావట్లేదు."

"నా జత మార్చండి సార్. వాడి పక్కన చెయ్యను. ఇంకెవరి పక్కనైనా చేస్తాను."

మేనేజరు ఈసారి వెటకారం చెయ్యలేదు. బహుశా ఆ మొహం చూశాక చెయ్యబుద్ధి కాలేదు. "ఎవడైనా ఒప్పుకుంటే మార్చుకో. నాకేం అభ్యంతరం లేదు," అన్నాడు.

మర్నాడు పొద్దున చలిగది ముందు మనుషులు గోనె కోట్లు తొడుక్కుంటున్నారు. పెద్దోడు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి అడిగాడు. ఒకడు కోటు బొత్తాలు వెతుక్కున్నాడు. ఒకడు తన జతగాడు అలుగుతాడన్నాడు. ఇంకొకడు ఏదో గుర్తొచ్చినట్టు పక్కకి వెళ్ళిపోయాడు. ఎద్దు ఒక్కడే మొహమ్మీద చెప్పాడు.

"నా పక్కన చేస్తే నువ్వు సీజను దాటవు తాతా. ఆ పాపం నాకొద్దు."

"దాటకపోతే నాకే నష్టం. నీకేంటి?"

"నువ్వు పడిపోతే రెండోవైపు ఉండేది నేనే కదా."

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పెద్దోడు పక్కకి జరిగాడు. జతలు ఒక్కొక్కటీ లోపలికి వెళ్ళాయి. వరండా ఖాళీ అయింది. గొళ్ళెం తలుపు పట్టుకుని నిలబడ్డాడు. పెద్దోడి నోటి వైపు చూడలేక పైకప్పు చూస్తున్నాడు.

"చలి పోతోంది. వెళ్తావా, వేసెయ్యనా?"

బయట ఎండ కాస్తోంది. గేటు తీసే ఉంది. నడిచి వెళ్ళిపోతే ఆపేవాడు లేడు. ఆ గేటు దాటితే ఉండేది తమ్ముడి ఇంటి వీధి గది. అక్కడ తినే తిండి కూడా ఈ పని పెట్టేదే. పెద్దోడు గేటు వైపు కాసేపు చూసి, కోటు తాడు బిగించుకుని లోపలికి నడిచాడు. వెనక తలుపు మూసుకుంది. గొళ్ళెం పడ్డ చప్పుడు వినిపించింది.

దీపాల కింద మంచు పొగలా తిరుగుతోంది. చివరి దొంతర దగ్గర చిన్నోడు ఒక్కడే నిలబడి ఉన్నాడు. మొదటి బస్తా కిందికి లాగి, తనవైపు చెవులు అప్పటికే పట్టుకుని ఉన్నాడు. అవతలివైపు ఖాళీగా ఉంది.

"అన్నా," అన్నాడు.

పెద్దోడు వంగి రెండోవైపు పట్టుకున్నాడు. తమ్ముడి మొహం చూడలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా ఎప్పుడూ చూడలేదు.

బస్తా లేచింది.